మాటల్లోనే ఉండిపోయిన సమీకరణం

మెకానికల్, సివిల్ వాళ్లకి యంగ్ అంటే యంగ్స్ మాడ్యులస్. ఇంటర్‌లో ఫిజిక్స్ చదివిన మనందరికీ యంగ్ అంటే రెండు చీలికల ప్రయోగం. కెమికల్ వాళ్లు, మెటీరియల్స్ ఎలక్టివ్ తీసుకున్నవాళ్లు మూడో యంగ్‌ని కూడా చూసి ఉంటారు. ఒక నీటిబొట్టు ఏ వస్తువు మీద ఎంత కోణంలో కూర్చుంటుందో చెప్పే సమీకరణం ఆయన పేరు మీదే ఉంటుంది. హాస్టల్లో అడిగి చూస్తే చాలామంది వీళ్లు ముగ్గురు వేరువేరు మనుషులనే అన్నారు. ముగ్గురూ ఒక్కరే. పేరు థామస్ యంగ్. ప్రొఫెసర్‌గా పనిచేసింది రెండేళ్లే. మిగతా జీవితమంతా లండన్‌లో డాక్టరు.

ఆ మూడో యంగ్ గురించి రాయాలనుకోవడానికి నాకో సొంత కారణం ఉంది. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే చేల మధ్య తెల్లగా కనబడే పాలీహౌస్‌లు మీరు చూసే ఉంటారు. అలాంటిది ఒకటి మా మేనమామది. దాని కప్పు మీద పట్టిన నీళ్ల సంగతి తేల్చుకోబోయి నేను యంగ్ దగ్గరికి చేరాను. ఆ సంగతి మధ్యలో వస్తుంది. ముందు మనిషి గురించి చెప్తా.

పదిమందిలో పెద్దవాడు

యంగ్ 1773 జూన్ 13న ఇంగ్లండ్‌లో సోమర్సెట్ ప్రాంతంలోని మిల్వర్టన్ అనే ఊళ్లో పుట్టాడు. పదిమంది పిల్లల్లో పెద్దవాడు. ఇంట్లో వాళ్లు క్వేకర్లు. ఆడంబరం పనికిరాదనే క్రైస్తవ శాఖ అది. నాటకాలు, నాట్యం, సంగీతం వాళ్లకి నిషిద్ధం. చిన్నతనం ఎక్కువగా అమ్మమ్మగారింట్లోనే గడిచింది. రెండేళ్లకే చదవడం వచ్చిందనీ, నాలుగేళ్లు వచ్చేసరికి బైబిల్‌ని రెండుసార్లు పూర్తి చేశాడనీ ఆయన జీవితం రాసినవాళ్లు చెప్తారు. పదహారేళ్లు నిండే నాటికి లాటిన్, గ్రీకు, ఫ్రెంచి, ఇటాలియన్, హీబ్రూ వచ్చాయి. అరబిక్, పర్షియన్ కూడా మొదలుపెట్టాడు. వాటిలో చాలావరకు బడికి వెళ్లి నేర్చుకున్నవి కావు. పుస్తకం ముందు పెట్టుకుని తనంతట తానే నేర్చుకున్నాడు.

ఇది మంచి అలవాటే. కానీ నాకు దీంట్లో ఒక తిరకాసు కనబడుతుంది. అన్నీ తనంతట తానే అర్థం చేసుకున్నవాడికి, ఎదుటివాడికి ఎక్కడ అర్థం కాదో తెలియడం కష్టం. యంగ్ జీవితమంతా ఈ చిక్కు వెంటాడుతూనే ఉంది.

అమ్మ తరఫు పెద్ద బంధువు రిచర్డ్ బ్రాకిల్స్‌బీ లండన్‌లో పేరున్న డాక్టరు. ఆయన ప్రోత్సాహంతో యంగ్ వైద్యం చదవడానికి లండన్ వెళ్లాడు. కన్ను దగ్గరి వస్తువునీ దూరపు వస్తువునీ ఎలా సర్దుకుని చూస్తుందని ఆలోచించి, కంటిలోని కటకమే ఆకారం మార్చుకుంటుందని 1793లో ఒక పేపరు రాశాడు. మరుసటి ఏడాది, 21 ఏళ్లకే, రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. మనలో చాలామంది ఆ వయసులో సప్లీల లెక్క చూసుకుంటూ ఉంటాం.

తర్వాత ఎడిన్‌బరో, ఆ తర్వాత జర్మనీలో గోటింగెన్. 1796లో అక్కడ డాక్టరేటు వచ్చింది. ఈ ఊళ్లలోనే క్వేకర్ల కట్టుబాట్లు మెల్లగా వదిలేశాడు. నాట్యం నేర్చుకున్నాడు, వేణువు వాయించాడు, నాటకాలు చూశాడు. 1797లో కేంబ్రిడ్జ్ చేరాడు. అదే ఏడాది చివర బ్రాకిల్స్‌బీ చనిపోతూ లండన్‌లో ఒక ఇల్లు, కొంత డబ్బు ఈయనకి రాసిపెట్టాడు. తిండికి లోటు లేకుండా పోయింది. లండన్‌లోని వెల్‌బెక్ వీధిలో బోర్డు పెట్టి ప్రాక్టీసు మొదలుపెట్టాడు. రోగులు మాత్రం పెద్దగా రాలేదు.

డాక్టరుగారి ఫిజిక్స్

1801లో కొత్తగా పెట్టిన రాయల్ ఇన్‌స్టిట్యూషన్ వాళ్లు ఆయన్ని ప్రొఫెసర్‌గా తీసుకున్నారు. సామాన్య జనం టికెట్ కొనుక్కుని వచ్చి సైన్సు వినే చోటు అది. అక్కడే హంఫ్రీ డేవీ అనే కుర్ర రసాయన శాస్త్రవేత్త కూడా ఉన్నాడు. డేవీ మాట్లాడితే హాలు నిండిపోయేది. యంగ్ మాట్లాడితే విషయం నిండుగా ఉండేది, హాలు ఉండేది కాదు. ఒక్క గంటలో పది గంటలకి సరిపడా చెప్పేసేవాడు. రెండేళ్లకి 1803లో రాజీనామా చేశాడు. ఆ లెక్చర్లు 1807లో రెండు పెద్ద సంపుటాలుగా అచ్చయ్యాయి. శక్తి అన్న మాటని ఇవాళ మనం వాడే అర్థానికి దగ్గరగా వాడిన మొదటి పుస్తకాల్లో అది ఒకటి. మన ల్యాబ్ రికార్డుల్లో రాసే యంగ్స్ మాడ్యులస్ కూడా అందులోనిదే. అయితే ఆయన ఇచ్చిన నిర్వచనం చదివి మాడ్యులస్ లెక్క కట్టడం మనవల్ల కాదు, అంత చుట్టుతిరుగుడుగా ఉంటుంది. ఇవాళ మనం రాసే ప్రతిబలం బై వికృతి అన్న రూపం తర్వాతి వాళ్లు సరిచేసి ఇచ్చింది.

కాంతి తరంగమని ఆయన చెప్పింది కూడా ఈ రోజుల్లోనే. న్యూటన్ కాంతిని కణాలన్నాడు కాబట్టి ఇంగ్లండ్‌లో అది ఇంచుమించు ద్రోహం. 1803లో హెన్రీ బ్రూమ్ అనే యువ లాయరు ఎడిన్‌బరో రివ్యూ పత్రికలో పేరు లేకుండా యంగ్‌ని చీల్చి చెండాడాడు. యంగ్ సమాధానంగా ఒక చిన్న పుస్తకం వేశాడు. అది ఒకే ఒక్క కాపీ అమ్ముడుపోయిందని ఆయనే చెప్పుకున్నాడట. పదిహేనేళ్ల తర్వాత ఫ్రాన్స్‌లో ఫ్రెనెల్ అదే మాటని గణితంతో గట్టిగా నిలబెట్టేదాకా కాంతి తరంగం ఎవరికీ పట్టలేదు.

1804 డిసెంబర్ 20

ఆ దెబ్బ తగిలిన మరుసటి ఏడాది రెండు సంగతులు జరిగాయి. జూన్‌లో ఎలైజా మాక్స్‌వెల్‌తో పెళ్లయింది. డిసెంబర్ 20న రాయల్ సొసైటీలో ద్రవాల సంసంజనం మీద ఆయన వ్యాసం చదివారు. 1805లో అది అచ్చయింది. అప్పటికి ఆయనకి 31 ఏళ్లు.

సన్నటి గాజు గొట్టంలో నీళ్లు పైకి ఎందుకు ఎక్కుతాయి, పాదరసం ఎందుకు కిందికి దిగుతుంది అనేది అప్పటికి పాత ప్రశ్నే. కొలతలు చాలామంది తీశారు. యంగ్ చూసింది అంచుని. బొట్టు ఒక వస్తువు మీద కూర్చున్నప్పుడు దాని అంచు దగ్గర మూడు కలుస్తాయి. కింద ఘనపదార్థం, పైన ద్రవం, చుట్టూ గాలి. అక్కడ మూడు లాగుడులు ఉంటాయి. బొట్టుని బయటికి పరచాలని ఒకటి లాగుతుంది, లోపలికి ముడవాలని ఒకటి లాగుతుంది, బొట్టు తన సొంత చర్మం వెంట ఏటవాలుగా ఒకటి లాగుతుంది. మూడూ సమానమైన చోట అంచు ఆగుతుంది. కాబట్టి ఒక ఘనం, ఒక ద్రవం తీసుకుంటే వాటి మధ్య కోణం ఎప్పుడూ ఒకటే ఉండాలి, బొట్టు పెద్దదైనా చిన్నదైనా. దీన్నే మనం స్పర్శకోణం అంటున్నాం.

ఇది ఇవాళ మనకి ఒక్క లైను సమీకరణం. ఘనానికీ గాలికీ మధ్య తన్యతలోంచి ఘనానికీ ద్రవానికీ మధ్య తన్యతని తీసేసి, ద్రవం తలతన్యతతో భాగిస్తే ఆ కోణం కొసైన్ వస్తుంది. యంగ్ వ్యాసంలో మాత్రం ఈ లైను కనబడదు. ఆయన ఆ సంగతంతా ఒక్క గుర్తు కూడా వాడకుండా, మొత్తం వాక్యాల్లోనే చెప్పాడు. లెక్కలతో భయపెట్టకుండా మాటల్లో చెప్తే మంచిదని ఆయన అనుకుని ఉండొచ్చు. కానీ ఒక్కో వాక్యంలో మూడు మెట్లు కుక్కి పెట్టాడు. మాటలు సులువే, వాటి మధ్య దారి మాత్రం చదివేవాడే వేసుకోవాలి.

ఏడాది తిరిగేసరికి ఫ్రాన్స్‌లో లాప్లాస్ అదే విషయాన్ని నిండైన గణితంతో ప్రచురించాడు. లోకం లాప్లాస్‌ని చదివింది. తన పనిని పక్కనపెట్టి, ఇంత బరువైన లెక్కలు చేసి చివరికి తను చెప్పిందే చెప్పారని యంగ్‌కి కోపం వచ్చింది. 1809లో ఒక పత్రికలో పేరు లేకుండా లాప్లాస్ మీద ఘాటుగానే విమర్శ రాశాడు. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఇద్దరి పేర్లూ కలిపి యంగ్–లాప్లాస్ అని ఒక సమీకరణం ఉంది. ఇద్దరూ చూస్తే ఏమనేవారో.

చేవెళ్ల దారిలో

ఇప్పుడు మా మామ పాలీహౌస్ సంగతి.

అర ఎకరంలో జెర్బెరా. కప్పు 200 మైక్రాన్ల పాలిథీన్ ఫిల్మ్. జెర్బెరా పువ్వుకి చిన్న ప్లాస్టిక్ తొడుగు వేసి, పదేసి కట్టలు కట్టి గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పంపుతారు. పెళ్లిళ్ల సీజన్లో రేటు ఉంటుంది. ఆ సీజన్లోనే చలికాలం కూడా ఉంటుంది.

రాత్రి మొక్కలు వదిలిన తేమ లోపలి గాలిలో నిండిపోతుంది. తెల్లవారుజామున కప్పు చల్లబడుతుంది. తేమ వెళ్లి ఫిల్మ్ లోపలి వైపు నీళ్లుగా పడుతుంది. అది పలచని పొరలా పట్టి ఏటవాలుగా జారి పక్క కాలువలోకి పోతే గొడవే లేదు. కానీ ఉత్త పాలిథీన్ మీద అలా జరగదు. నీళ్లు గుండ్రటి బొట్లుగా నిలబడతాయి. పక్కపక్క బొట్లు కలుస్తాయి, బరువెక్కుతాయి, కప్పు వంపు పైభాగంలో వాలు తక్కువ కాబట్టి జారకుండా అక్కడినుంచే నేరుగా పువ్వు నడుమ పడతాయి. తడి గంటల తరబడి ఉంటే బోట్రైటిస్ అనే బూజు తెగులు పట్టుకుంటుంది. పొద్దున కోసినప్పుడు చిన్న మచ్చలా ఉంటుంది, మార్కెట్‌కి చేరేసరికి రేకులు కుళ్లిపోతాయి. పైగా ఉదయపు వెలుగులో కొంత భాగాన్ని ఈ బొట్లు వెనక్కి తిప్పి పంపేస్తాయి.

ఎందుకు నిలబడతాయి? నీటి అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు. ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం. అందుకే ఒక అణువు హైడ్రోజన్, పక్క అణువు ఆక్సిజన్ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ద్రవం లోపల ఒక్కో అణువుకి ఇలా నలుగురి దాకా పొరుగువాళ్లు ఉంటారు. ఈ పట్టు వల్లే నీటి తలతన్యత 20 డిగ్రీల దగ్గర మీటరుకి 72.8 మిల్లీన్యూటన్లు ఉంటుంది. మామూలు ద్రవాల్లో ఇది చాలా ఎక్కువ.

పాలిథీన్ గొలుసులో కార్బన్, హైడ్రోజన్ తప్ప ఇంకేం లేవు. వాటి మధ్య ఆవేశం ఇంచుమించు సమంగా పంచుకుని ఉంటుంది. నీటి అణువు పట్టుకోవడానికి అక్కడ చెయ్యి దొరకదు. బలహీనమైన వాన్ డెర్ వాల్స్ ఆకర్షణ మాత్రమే ఉంటుంది. పాలిథీన్ ఉపరితల శక్తి నీటిదాంట్లో సగం కూడా ఉండదు, 31 మిల్లీన్యూటన్ల చుట్టూ ఉంటుంది. దాంతో అంచు దగ్గర యంగ్ చెప్పిన మూడు లాగుడుల్లో లోపలికి ముడిచేదే గెలుస్తుంది. కోణం 90 డిగ్రీలు దాటుతుంది. నీళ్లు పాలిథీన్‌ని అసహ్యించుకుంటాయని మనం అంటాం గానీ, నిజానికి వాటికి తమవాళ్లంటే ఎక్కువ ఇష్టం, అంతే. శుభ్రమైన గాజు మీదైతే ఆక్సిజన్–హైడ్రోజన్ గుంపులు ఉంటాయి కాబట్టి నీళ్లు వాటిని పట్టుకుని పరుచుకుంటాయి. మన నూలు బట్ట తడిని లాగేసుకునేది కూడా ఆ గుంపులు ఉండడం వల్లే.

దీనికి మందు ఉంది. ఫిల్మ్ తయారు చేసేటప్పుడు సబ్బులాంటి పదార్థాలని, ఉదాహరణకి గ్లిజరాల్ ఎస్టర్లని, కలుపుతారు. వీటి అణువుకి పొడుగాటి తోక పాలిథీన్‌లాంటిది, తల నీళ్లంటే ఇష్టపడేది. ఇవి మెల్లగా ఫిల్మ్ లోంచి పైకి వచ్చి, తోక లోపల ఉంచి తల బయటపెట్టి నిలబడతాయి. నీటికి ఇప్పుడు పట్టుకోవడానికి చెయ్యి దొరికింది. కోణం పడిపోతుంది, బొట్టు పొరగా పరుచుకుంటుంది, జారి కాలువలోకి పోతుంది. దీన్నే వ్యాపారులు యాంటీ డ్రిప్ ఫిల్మ్ అంటారు. రెండు షరతులున్నాయి. ఒకటి, నీళ్లతో పాటు ఆ పదార్థం కొద్దికొద్దిగా కొట్టుకుపోతుంది, కాబట్టి ఫిల్మ్ చిరగకముందే ఈ గుణం పోవచ్చు. రెండు, మూడు పొరల ఫిల్మ్‌లలో దీన్ని చాలాసార్లు లోపలి వైపు పొరలోనే కలుపుతారు. ఏ వైపు లోపలికి రావాలో అంచు వెంట అచ్చు వేసి ఉంటుంది.

మా మామ డబ్బు ఎక్కువ పెట్టి ఆ ఫిల్మే కొన్నాడు. అచ్చు ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, అంచున ఉంది. బిగించడానికి వచ్చినవాళ్లు తిరగేసి వేశారు. అమ్మినాయన ఆ మాట చెప్పలేదు, వేసినవాళ్లకి ఎవరూ చెప్పలేదు. మొదటి చలికాలం పువ్వు సగానికి సగం మచ్చలతో పోయింది. బ్యాంకు కిస్తీ మాత్రం ఆగలేదు. తెగులు మందులు కొట్టాడు, పొద్దున్నే పక్క కర్టెన్లు ఎత్తి గాలి ఆడించాడు, కింద తడి తగ్గించాడు. కొంత తగ్గింది. సెలవులకి వెళ్లినప్పుడు నేను ఆ అంచు చదివాను, తర్వాత మా ల్యాబ్‌లో ఒక ముక్కకి రెండు వైపులా బొట్టు వేసి చూశాను. ఒకవైపు ముత్యంలా నిలబడింది, ఇంకోవైపు కాసేపటికి చదునుగా పరుచుకుంది. వచ్చే చలికాలం రాకముందే, గాలి లేని ఒక పొద్దున, ప్రొఫైల్‌లోంచి జిగ్‌జాగ్ స్ప్రింగులన్నీ ఊడదీసి ఫిల్మ్ తిరగేశారు. ఆ కూలి కూడా మామకే పడింది.

బొట్టు ఎందుకు నిలబడిందో వెతుకుతుంటేనే యంగ్ వ్యాసం గురించి చదివాను. 1805 నుంచి లోకానికి తెలిసిన విషయం, చేవెళ్ల దగ్గర ఒక అర ఎకరానికి చేరలేదు. తెలియకపోవడం వల్ల కాదు, చెప్పిన తీరు వల్ల.

ఆయనకి కనబడనిది, కనబడింది

యంగ్ కాలానికి పాలిథీన్ లేదు. పాలిమర్ అన్న మాట 1833లో బెర్జీలియస్ వాడేదాకా లేదు. ఉన్నవి పట్టు, నూలు, చెక్క, తోలు. వాటి అణువులు అంత పొడుగాటి గొలుసులని ఎవరూ అనుకోలేదు. కాబట్టి యంగ్ ఘనాన్ని కదలని గట్టి నేలలా తీసుకున్నాడు. పాలిమర్ అలాంటి నేల కాదు. అక్రిలిక్, నైలాన్ లాంటివి తీసుకుంటే పైన ఉన్న గొలుసు ముక్కలు కాస్త కదలగలవు. గాలి తగిలినప్పుడు నీటికి నచ్చే గుంపుల్ని లోపల దాచుకుంటాయి, నీళ్లు తగిలితే వాటిని బయటికి తిప్పుతాయి. బొట్టు వేసిన క్షణంలో ఒక కోణం, కొన్ని నిమిషాలకి ఇంకో కోణం. బొట్టు ముందుకి పాకుతున్నప్పుడు ఒకటి, వెనక్కి లాగుతున్నప్పుడు ఒకటి. ఈ తేడా వల్లే ఏటవాలు ఫిల్మ్ మీద కూడా బొట్టు జారకుండా అతుక్కుని ఉండగలదు. ఇవాళ కాంటాక్ట్ లెన్సు చేసేవాళ్లు, మందుల పూతలు చేసేవాళ్లు తలపట్టుకునేది దీనితోనే.

అయితే ఆయన ఊహించగలిగింది చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 1816లో బ్రిటానికా అనుబంధ సంపుటానికి సంసంజనం మీద రాస్తూ, అణువులు ఒకదాన్నొకటి లాగే దూరం ఎంత ఉంటుందో లెక్కగట్టాడు. అంగుళంలో 25 కోట్లవ వంతు అన్నాడు. మన లెక్కలో నానోమీటరులో పదో వంతు. ఇవాళ మనకి తెలిసిన నీటి అణువు వ్యాసం ఒక నానోమీటరులో పావు వంతుకి కాస్త ఎక్కువ. అణువులు నిజంగా ఉన్నాయా లేవా అని ఇంకో తొంభై ఏళ్లు పెద్దపెద్దవాళ్లు కొట్లాడుకోబోతున్న కాలంలో, తలతన్యత కొలతల నుంచి ఆయన ఇంత దగ్గరికి వచ్చాడు. ఇదీ ఎవరూ పట్టించుకోలేదు.

పేరు లేని రాతలు

1811 నుంచి చనిపోయేదాకా లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో ఆయన వైద్యుడు. డాక్టరు ఫిజిక్స్ మీద, భాషల మీద మనసు పెడుతున్నాడంటే రోగులు రారని భయం. అందుకే చాలా రాతలు పేరు లేకుండానే వేశాడు. బ్రిటానికాకి అరవై దాకా వ్యాసాలు రాశాడు, వాటిలో ఎక్కువ భాగం జీవిత చరిత్రలే. ఓడల నిర్మాణం మీద నౌకాదళానికి ఒక నివేదిక ఇస్తే, సైన్సు అంటే తమకి గౌరవమే గానీ ఇది మరీ పండితుల రాతలా ఉందని వాళ్లు మర్యాదగా తిప్పికొట్టారని ఒక కథ ప్రచారంలో ఉంది.

మన క్లబ్బు వాళ్లకి నచ్చే సంగతి ఇంకోటి. యూరప్ భాషలకీ సంస్కృతం, పర్షియన్‌లకీ చుట్టరికం ఉందని అప్పటికే చర్చ నడుస్తోంది. ఆ కుటుంబానికి ఇండో–యూరోపియన్ అన్న పేరు 1813లో ఒక పుస్తక సమీక్షలో పెట్టింది యంగే. మూడేళ్లు తిరగకుండానే, 1816లో, మద్రాసు కలెక్టరుగా ఉన్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో తెలుగు సంస్కృతం నుంచి పుట్టింది కాదనీ, తమిళం, కన్నడాలతో కలిసి వేరే కుటుంబమనీ నిరూపించాడు. ఇద్దరూ ఒకరికొకరు తెలియకపోయినా, యంగ్ ఒక ఇంటికి పేరు పెడితే ఎల్లిస్ మన ఇల్లు వేరని చూపించాడు.

1814 నుంచి యంగ్‌కి రొజెట్టా రాయి పిచ్చి పట్టింది. ఒకే శాసనం గ్రీకులోనూ, రెండు రకాల ఈజిప్టు లిపుల్లోనూ చెక్కిన రాయి అది. గుండ్రటి గీతలో ఉన్న టాలమీ రాజు పేరుని పట్టుకుని కొన్ని అక్షరాలు విడదీశాడు. ఆ పని 1819లో బ్రిటానికాలో, ఎప్పట్లాగే పేరు లేకుండా, అచ్చయింది. 1822లో ఫ్రాన్స్‌కి చెందిన షాంపోలియన్ తాళం పూర్తిగా తీశాడు. మొదటి మెలిక ఎవరు తిప్పారన్న తగువు ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

కాంతిలో ఫ్రెనెల్, ద్రవాల్లో లాప్లాస్, ఈజిప్టులో షాంపోలియన్. మూడు చోట్లా యంగ్ ముందు వెళ్లాడు, మూడు చోట్లా వెనక వచ్చినవాళ్లే జనాన్ని తీసుకెళ్లారు. అయినా ఆయన్ని ఓడిపోయినవాడిగా నేను చూడలేను. ఫ్రెనెల్ విషయంలో ఆయన పెద్దమనసు చూపించాడు. 1827లో రాయల్ సొసైటీ ఫ్రెనెల్‌కి రమ్‌ఫర్డ్ పతకం ఇచ్చినప్పుడు, చావు బతుకుల్లో ఉన్న ఆ మనిషికి ఆ కబురు పంపింది విదేశీ కార్యదర్శిగా ఉన్న యంగే. అదే ఏడాది ఫ్రెంచి అకాడమీ యంగ్‌ని తన ఎనిమిది మంది విదేశీ సభ్యుల్లో ఒకడిగా ఎన్నుకుంది.

1829లో ఆరోగ్యం పాడైంది. మంచం మీదే ఈజిప్టు నిఘంటువు పని చేస్తూ ఉన్నాడు. కలం పట్టుకునే ఓపిక లేక పెన్సిలుతో రాసేవాడట. మే 10న, 56 నిండడానికి నెల రోజుల ముందు, చనిపోయాడు. పిల్లలు లేరు. కెంట్‌లోని ఫార్న్‌బరోలో సమాధి చేశారు. తర్వాత భార్య వెస్ట్‌మినిస్టర్ అబీలో ఒక ఫలకం పెట్టించింది.

ఆయన పోయిన 104 ఏళ్లకి, 1933లో, ఇంగ్లండ్‌లోనే విన్నింగ్టన్‌లోని ఐ.సి.ఐ. ల్యాబ్‌లో ఎథిలీన్‌ని విపరీతమైన పీడనంలో పెడితే గోడలకి మైనంలాంటి తెల్లటి పదార్థం అంటుకుంది. అదే పాలిథీన్. దాని మీద నీటిబొట్టు ఎలా కూర్చుంటుందో చెప్పే నియమం అప్పటికే 128 ఏళ్లుగా అచ్చులో ఉంది.

ఈ జీవితం చదివాక నాకు ఒకటి తట్టింది. యంగ్‌కి తెలివి లోటు లేదు, భాష లోటు అసలే లేదు. లేనిది ఎదుటివాడి పక్కన కూర్చునే అలవాటు. గుర్తులు తీసేసి మాటల్లో రాసినంత మాత్రాన విషయం చేరదు, వినేవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడో అక్కడినుంచి మొదలుపెట్టాలి. ఫిల్మ్ అంచు మీద అచ్చు వేసినవాడూ చెప్పాల్సింది చెప్పేశాననే అనుకుని ఉంటాడు.

అందుకే మన క్లబ్బుకి ఒక మాట. ప్రతి ఏడాది మన కాలేజీ నుంచి ఎన్నో ప్రాజెక్టు రిపోర్టులు బైండ్ అయ్యి బీరువాల్లోకి పోతున్నాయి. డ్రిప్ మీద, సోలార్ పంపుల మీద, మల్చింగ్ షీట్ల మీద, పాలీహౌస్‌ల మీద. ప్రతి రిపోర్టు చివర ఒక్క పేజీ తెలుగులో పెడదాం. ఆ వస్తువు ఏం చేస్తుంది, ఎన్నాళ్లు చేస్తుంది, ఏ వైపు లోపలికి పెట్టాలి, ఎప్పుడు పని ఆగిపోతుంది. రాసినవాళ్లు తెచ్చిస్తే భాష మేం సరిచూసి పెడతాం. ఇచ్చేముందు మొయినాబాద్‌లోనో చేవెళ్లలోనో ఒక రైతుకి చదివి వినిపిద్దాం. ఆయన ఎక్కడ ఆపి ప్రశ్న అడిగితే, అక్కడినుంచి మళ్లీ రాద్దాం.